తంబాకు పడదు

"బ్రూనో తిన్నదా?"

మస్కట్ నుంచి భూమేశ్ ఫోన్ చేస్తే మొదట వినపడే మాట ఇదే. నువ్వు తిన్నావా అని స్వరూపను అడగడానికి పద్నాలుగేళ్ల సంసారంలో అతనికి తీరిక చిక్కలేదు గానీ, కుక్క దగ్గరికి వచ్చేసరికి మనిషికి ఎక్కడలేని పట్టింపు. పెరుగు వేశావా, గుడ్డు ఉడకబెట్టావా, గిన్నె మొత్తం నాకిందా, సగం వదిలేసిందా, అన్నీ కావాలి. స్వరూప ఒళ్లో చాట పెట్టుకుని, ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కత్తిరించిన తునికాకులో తంబాకు పోసి చుడుతూనే జవాబులు చెబుతుంది. చేతులు ఆగకూడదు. ఆగితే పొద్దు గూకేలోపు వెయ్యి బీడీలు కావు.

"తిన్నది. పెరుగేసిన. మొత్తం నాకింది."

"మరి నిన్న పదకొండింటికి నువ్వు వాకిట్ల కనవడకపోతివి? ఏడికి వోయినవ్?"

ఇది రెండో ప్రశ్న. పోయినసారి సెలవుకు వచ్చినప్పుడు భూమేశ్ అరుగు గోడకు కెమెరా పెట్టించాడు. దొంగల కోసమన్నాడు. కోరుట్ల పక్కన ఆ ఊళ్లో బీడీల చాటలు తప్ప ఎత్తుకుపోవడానికి ఏముందని ఏ దొంగ వస్తాడో దేవుడికే తెలియాలి. అదే సెలవులో జగిత్యాల నుంచి లాబ్రడార్ పిల్లను కూడా తెచ్చాడు. ఇల్లు కాయడానికన్నాడు. తెచ్చిన ఇరవై రోజులకు తను విమానమెక్కాడు. కుక్క అతనిది. దాని స్నానం, దాని వెంట్రుకలు, దాని పెంట, దానికి సూదులు వేయించే తారీఖులు స్వరూపవి. అయినా ఆ కుక్క మీద ఆమెకు కోపం రాలేదు. ఇంట్లో తన వెనకే తిరిగి, తను కూర్చుంటే పక్కన పడుకుని, తను దగ్గితే తలెత్తి చూసే ప్రాణి అదొక్కటే.

ఆ దగ్గుకు మూడేళ్లు. కొత్త తంబాకు సంచి విప్పి జల్లెడ పట్టిన రోజున ముందు ముక్కు దురద, తర్వాత కళ్లు, ఆ తర్వాత వేళ్ల సందుల్లో మంట. సాయంత్రానికి ఊపిరి సన్నగా ఈల వేసేది. ముందటేడు ఒక మధ్యాహ్నమైతే అరచేతుల్లో దురదగా మొదలై, చూస్తుండగానే పెదవులు వాచిపోయి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతును ఎవరో దారంతో బిగిస్తున్నట్టయింది. అత్త వెంకటవ్వ పరుగున వెళ్లి గొంగడి తెచ్చింది. ఒంటి మీద దద్దుర్లు లేస్తే ఆ ఇంట్లో మొదటి వైద్యం అదే, ఉన్ని గరుకు తగిలితే లోపలి వేడి బయటికి వెళ్లిపోతుందని నమ్మకం. నిలువునా చుట్టి, పైనుంచి రుద్దింది. ఆ ఎండలో, ఆ గొంగడిలో, ముందుకు వంగి కూర్చుని, ఒక్కొక్క ఊపిరినీ లాక్కుంటూ స్వరూప రెండు గంటలు గడిపింది. బతికింది. బతికింది కాబట్టి అది రోగం కాదని అందరూ తేల్చేశారు.

"ఊరందరికి లేనిది నీకే వచ్చిందా? మా అవ్వ నలుబై ఏండ్లు జేసింది బీడీలు. ఒక్కనాడన్న గిట్ల నకరాలు జేసిందా?" అన్నాడు భూమేశ్ ఆ రోజు ఫోన్లో. నలభై ఏళ్లు చేసిన ఆ అవ్వ, కొడుకు మాట స్పీకర్లో వింటూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆ దగ్గును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఇంట్లో గడియారం చప్పుడు ఎవరు వింటారు?

బోయినపల్లిలో పుట్టింటికి వెళ్లినప్పుడు తన దగ్గు రెండో రోజుకే తగ్గిపోతుందని స్వరూప గమనించింది. తిరిగి వచ్చి చాట ముందు కూర్చున్న రోజే మళ్లీ మొదలవుతుందనీ గమనించింది. ఆ సంగతి కూడా చెప్పి చూసింది. "అవ్వగారింట్ల పని లేకుంట కూసుంటే ఎవలకైన మంచిగనే ఉంటది" అని నవ్వాడు. ఆ నవ్వు విన్నాక మళ్లీ చెప్పబుద్ధి కాలేదు. చెప్పి చెప్పి నోరు మూసుకున్న ఆడదాన్ని చూసి, బాగైపోయింది అనుకోవడం మగవాళ్లకు అలవాటే.

రెండు నెలలుగా కుక్క కూడా గీరుకుంటోంది. పంజాలు నాకి నాకి ఎర్రగా చేసుకుంటోంది. చెవుల లోపలి తోలు కందింది. మూతిని గోనెసంచికేసి రాస్తోంది. అది పడుకునేది స్వరూప పక్కనే, చాట లోంచి దుమ్ము రాలే చోటే. తంబాకు కొత్తగా వచ్చిన రోజున దాని గోకుడు ఎక్కువ, ఆదివారం బీడీల కార్ఖానా లేని రోజున తక్కువ. ఇదంతా స్వరూపకు ఎవరూ చెప్పలేదు. తన ఒంటి మీద చదివిన పాఠం కాబట్టి ఎదుటి ఒంటి మీద కూడా చదవగలిగింది. ఈ సంగతి భూమేశ్‌కు చెప్పినప్పుడు అతను నకరాలు అనలేదు. "అయ్యో, ఏమైందే దానికి? వీడియో దియ్యి. దగ్గరికి వెట్టు. ఆ పంజా సందుల్లకు చూపెట్టు, ఆ, గట్ల" అన్నాడు. పంజాను ఫోను ముందుకు ఎత్తి పట్టుకున్న తన వేళ్ల సందులు కూడా అంతే ఎర్రగా ఉన్నాయి. ఆ వీడియోలో అవి కూడా పడ్డాయి. వాటి గురించి అతనేమీ అడగలేదు.

మార్చి నెల, ఒంటిపూట బళ్లు. ఆ రోజు పన్నెండున్నరకు స్వరూప కట్టలు గంపలో పెట్టుకుని కార్ఖానాకు వెళ్లింది. ఆమె వెళ్లిన సందు చూసి వెంకటవ్వ కుక్క వైద్యానికి పూనుకుంది. ఆ గోకుడు ఒంటికి పట్టి రక్తం పీల్చే గోమార్ల వల్లేనని ఆమె ఎప్పుడో తీర్పు చెప్పేసింది. బర్రెలకు గోమార్లు పడితే ఆమె చేసే పని ఒకటే: బీడీలు చుట్టగా మిగిలిన తంబాకు చెత్త ఊడ్చి, నీళ్లలో మరగబెట్టి, ఆ కషాయంతో పీచు పెట్టి ఒళ్లంతా తోమడం. బర్రె తోలుకు చెల్లింది. అదే కుండ, అదే పీచు, అంతే ప్రేమతో కుక్కను కూడా తోమింది.

ఒంటిగంట దాటాక స్వరూప తిరిగి వచ్చేసరికి, కూతురు పూజ బడి సంచి కూడా దించకుండా వాకిట్లో నిలబడి ఏడుస్తోంది.

"అమ్మా, బ్రూనో మొఖం జూడు!"

మూతి ఉబ్బి రెండింతలైంది. కళ్లు సన్నని గీతల్లా మూసుకుపోయాయి. వీపు మీదా, పొట్ట మీదా వెంట్రుకలు అక్కడక్కడ గుత్తులుగా లేచి నిలబడ్డాయి. వేలు పెట్టి చూస్తే కింద దద్దుర్లు. నోటి నుంచి చొంగ కారుతోంది. పక్కన పసుపుపచ్చని వాంతి. పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి. వెంకటవ్వ అప్పటికే గొంగడి దులిపి పట్టుకుని, మరో చేత్తో పసుపు పాల గిన్నెతో సిద్ధంగా ఉంది.

"ఉష్ణం గొట్టింది దీనికి. గీ పాలు నోట్లె వోసి, గొంగట్ల జుట్టి రుద్దుతే దిగుతది. పట్టే పిల్లా, కాళ్లు పట్టు."

"ముట్టకు అత్తమ్మా!"

ఆ అరుపు తన గొంతులోంచే వచ్చిందా అని స్వరూపకే ఆశ్చర్యం వేసింది. వెంకటవ్వ అయితే గిన్నెతో సహా బిగుసుకుపోయింది. స్వరూపకు ఆ క్షణంలో కుక్క కాదు కనపడింది. గొంగడి చీకట్లో తను కనపడింది. పెదవి బిగుసుకుంటుంటే లోపల ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. అరచేతుల దురద గొంతు దాకా పాకడానికి ఎంత సేపు పడుతుందో తెలుసు. ఊపిరి అందని దాని నోట్లో పాలు పోస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పనవసరం లేదు. "దీనికి ఏం రుద్దినవ్?" అని అడిగింది. కుండలో మిగిలిన నల్లని నీళ్లే జవాబు చెప్పాయి.

అత్తను పక్కకు నెట్టి, గొంగడి లాగేసి, ముందు కుక్క మెడకున్న బెల్టు విప్పేసింది. పూజ చేత పైపు తెప్పించి, నీళ్లు వదిలి, తల నుంచి తోక దాకా సబ్బు పెట్టి కడిగింది. మళ్లీ కడిగింది. ఆ నీళ్లు గచ్చు మీద బెల్లం రంగులో పారాయి. తర్వాత కుక్క పై పెదవి ఎత్తి చిగుళ్లు చూసింది. ఎప్పుడూ గులాబీ రంగులో ఉండేవి తెల్లబారాయి. పోయిన నెల టీకా వేయించడానికి కోరుట్ల పశువుల దవాఖానకు తీసుకెళితే, డాక్టరు మౌనిక చెప్పిన మాటలు ఆమెకు బాగా గుర్తున్నాయి: "సూది పడకపోతే మొఖం వాస్తది, దద్దులు లేస్తయి, వాంతులైతయి. చిగుళ్లు తెల్లవడ్డా, దమ్మొచ్చినా ఒక్క నిమిషం ఆగకండ్రి." ఆ రోజు ఆ మాటలు వింటూ, ఇవన్నీ నాకు తెలుసే అనుకుని, నవ్వాలో ఏడవాలో తెలియక తలూపింది. నంబరు మాత్రం ఫోన్లో దాచుకుంది. ఇప్పుడు అదే నంబరు నొక్కింది.

"కడిగిండ్రా? మంచి పని జేసిండ్రు. నోట్ల ఏం వోయకండ్రి, మీ మనుషుల గోళీలు ఏం ఇయ్యకండ్రి. గుడ్డలు చుట్టకండ్రి, గాలి తగలనియ్యండ్రి. ఎన్నింటికి మొదలైందో యాదుంచుకొని జల్ది తీస్కరండ్రి. నేను ఈడనే ఉన్న" అంది డాక్టరు.

పూజ ఆటో కోసం పరుగెత్తింది. అప్పుడే ఫోను మోగింది. కెమెరా కళ్లు మూసుకోదు కదా.

"ఏం జేస్తున్నవే నువ్వు? ఎండల కుక్కను గట్ల తడుపుతున్నవేంది? అవ్వను ఎందుకు పక్కకు నూకినవ్? అవ్వకు తెల్వంది నీకు తెలుసా? అవ్వ చెప్పినట్టు జెయ్..."

స్వరూప ఫోను కట్ చేసింది. పద్నాలుగేళ్లలో అతని మాట పూర్తికాకముందే ఫోను పెట్టేయడం అదే మొదటిసారి. అంత తేలికని తెలిస్తే ఎప్పుడో పెట్టేసేది. మళ్లీ మోగింది. మోగుతూనే ఉంది. మోగే ఫోనును బొడ్లో దోపుకుని, పాతిక కిలోల కుక్కను రెండు చేతుల మీద ఎత్తుకుని ఆటో ఎక్కింది.

దవాఖానలో రెండు సూదులు పడ్డాయి. పావుగంటకు ఊపిరి నెమ్మదించింది. అరగంటకు ఒక కన్ను తెరుచుకుంది. డాక్టరు మౌనిక వయసు ముప్పై కూడా ఉండదు, జుట్టు రబ్బరు బ్యాండుతో బిగించి, చేతులు మోచేతుల దాకా కడుక్కుంటూ ప్రశ్నలు అడిగింది. ఎప్పటి నుంచి గోకుతోంది? ఏ కాలంలో ఎక్కువ? ఏం తింటుంది? ఎక్కడ పడుకుంటుంది? ఊరు మారితే తగ్గుతుందా? స్వరూప అన్నింటికీ టకటకా చెప్పింది. ఏ రోజు తంబాకు వచ్చింది, ఏ రోజు చెవి ఎర్రబడింది, ఏ ఆదివారం హాయిగా నిద్రపోయింది, ఒక్కటి కూడా తడుముకోలేదు. చెబుతూ చెబుతూ మధ్యలో మూడుసార్లు దగ్గింది. నాలుగోసారి డాక్టరు కాగితం మీద రాయడం ఆపి తలెత్తింది.

"దీనికి తంబాకు పడ్త లేదు. ఇన్ని రోజులు దుమ్ముతోని గోక్కున్నది, ఇయ్యాల నీళ్లల్ల మరుగవెట్టి తోమేసరికి ఒళ్లు ఎదురు తిరిగింది. పడనిదాన్ని దగ్గరికి రానియ్యొద్దు. అంతకు మించిన మందు లేదు." ఒక్క క్షణం ఆగి, "మీకు గీ దగ్గు ఎన్ని రోజుల సంది?" అని అడిగింది.

"మూడేండ్లు."

"ఎవలకన్న చూపెట్టుకున్నరా?"

స్వరూప వంగి కుక్క చెవి నిమిరింది. డాక్టరు ఆమె వేళ్ల వైపు చూసింది. ముక్కు దగ్గర ఎరుపు చూసింది. "నేను పశువుల డాక్టర్‌ను, మీకు మందు రాయొద్దు. జగిత్యాలల ఛాతీ డాక్టర్ దగ్గరికి పోండ్రి. ఇయ్యాల దీనికి ఎట్ల ఆగలేదో, గట్లనే మీకు గూడ ఆగకండ్రి. ఇంకొకటి, రెండు గంటలు ఈడనే కూసోండ్రి. దిగిన వాపు మల్ల లేవొచ్చు."

వరండాలో బెంచీ మీద కూర్చున్నారు తల్లీకూతుళ్లు. కుక్క కింద గచ్చు మీద పడుకుని, అప్పుడప్పుడు తోక ఆడిస్తోంది. పూజ చాలాసేపు దాని చెవులు నిమిరి, ఏదో లెక్క తేలని పిల్లలా తల్లి వైపు చూసింది.

"అమ్మా, నీక్కూడ గిట్లనే అయింది గదా? మొఖమంత ఉబ్బింది, నాకు యాదికున్నది. అప్పుడు నిన్ను ఏ దవాఖానకు తీస్కపోయిండ్రు?"

"ఏ దవాఖానకూ తీస్కపోలే. గొంగట్ల చుట్టిండ్రు."

పదమూడేళ్ల పిల్ల, చేయి కుక్క మీది నుంచి తీసి తల్లి చేతి మీద పెట్టింది. స్వరూపకు ఏడుపొచ్చింది. అత్త మీద కాదు, మొగుడి మీద కూడా కాదు, తన మీద. తన ఊపిరి గురించి మూడేళ్లు తను బతిమాలుకుంది. నాకు బాగా లేదని చెప్పడానికి ఫోన్లో మంచి సమయం కోసం చూసింది, అతను తిన్నాడో లేదో కనుక్కుని, అతని మనసు బాగుంటేనే ఆ మాట ఎత్తింది. కుక్క విషయంలో మాత్రం ఎవరినీ అడగలేదు. అరిచింది, గొంగడి లాగేసింది, ఆటో ఎక్కింది. అంటే తనకు చేతకాక కాదు. తన కోసం చేయాలని తోచలేదు, అంతే. ఇంతకాలం ఆ ఇంట్లో తనకు అన్నిటికన్నా చివర అన్నం పెట్టింది తన చేతులే. ఆ మాట అనుకున్నాక ఏడుపు ఆగిపోయింది. దాని స్థానంలో కోపం వచ్చి కూర్చుంది. దాన్ని పొమ్మనాలని కూడా అనిపించలేదు.

సాయంత్రం భూమేశ్ ఫోన్ చేశాడు. కుక్క వాపు దిగిన ముఖాన్ని వీడియోలో చూసి కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు. నిజంగానే పెట్టుకున్నాడు, మనిషి గుండె రాయి కాదు, అందులో ఎవరికి ఎంత చోటు అన్నదే తేడా. "ఎట్లన్న గానీ బతికిచ్చినవ్ పో" అన్నాడు. ఫోను కట్ చేసిన తప్పును కూడా పెద్ద మనసుతో మాఫీ చేశాడు. అంతలోనే ఉపాయం చెప్పాడు.

"డాక్టర్ తంబాకు దగ్గరికి రానియ్యొద్దన్నది గదా. రేపటి సంది నువ్వు అరుగు మీద కూసోకు. ఎనక యూరియా బస్తాల అర్ర ఉన్నది గదా, దాంట్ల కూసోని చేస్కో. తలుపు పెట్టుకో, దుమ్ము బయటికి రాదు. బ్రూనో అరుగు మీద ఫ్యాన్ కింద పంటది. అవ్వా, పొద్దుగాల జెర ఆ అర్ర ఊడ్చియ్యే."

తెల్లవారేసరికి వెంకటవ్వ అర్ర ఊడ్చేసింది. కోడలి చాట, కత్తెర, దారం, తడి గోనెలో చుట్టిన ఆకు, తంబాకు డబ్బా అన్నీ తీసుకెళ్లి లోపల సర్దింది. అరచేయంత కిటికీ. ఫ్యాను లేదు. గోడల పొడుగునా ఎరువు బస్తాల ఘాటు. పద్నాలుగేళ్ల అలవాటు కాళ్లలో ఉంటుంది కాబట్టి స్వరూప కాళ్లు ఆమెను ఆ అర్రలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాయి. తలుపు మూసుకుంది. ఒక ఆకు కత్తిరించింది. తంబాకు డబ్బా మూత తీసింది. గాలి ఆడని గదిలో ఆ దుమ్ము ఎక్కడికీ పోలేదు, నేరుగా ఆమె ముక్కులోకే వచ్చింది. తుమ్ము, వెనకే దగ్గు, దగ్గు వెనక ఈల. తలుపు అవతల వెంకటవ్వ కుక్కకు పాత చీర పరుస్తూ ముద్దుగా మాట్లాడుతోంది.

"ఇగ మంచిగ పండుకో బిడ్డా. నీ జోలికి తంబాకు రాదు. తలుపేసినం."

స్వరూప చాట పక్కన పెట్టి లేచింది.

తలుపు ఎంత గట్టిగా తీసిందంటే, రెక్క గోడకు కొట్టుకుని సున్నం పెచ్చు రాలింది. ఆకు, తంబాకు, దారం అన్నీ గంపలోకి ఎత్తి, నెత్తి మీద పెట్టుకుని, చెప్పులు వేసుకుని వాకిలి దాటింది. "యాళ్ల గాకముందే ఏడికే?" అని వెంకటవ్వ వెనక నుంచి అడుగుతోంది. కార్ఖానా దాకా వెనక్కి తిరిగి చూడలేదు. అక్కడ కట్టలు అప్పజెప్పడానికి వచ్చిన ఆడవాళ్లు వరసలో కూర్చుని ఉన్నారు. ఆకు, తంబాకు ఇచ్చి బీడీలు లెక్కబెట్టుకునే టేకేదారు ప్రభాకర్ అద్దాలు ముక్కు మీదికి దించి, ఒక్కొక్క కట్ట విప్పి, నచ్చని బీడీలు విరిచి పక్కన పడేస్తున్నాడు.

"గిదేంది స్వరూపా? ఆకు చుట్టకుండనే తెచ్చినవ్?"

"వాపస్ ఇస్తున్న. ఇగ చెయ్య."

"ఒకసారి పేరు కొట్టేస్తే మల్ల ఎక్కది, సోంచాయించుకో. ఇంట్ల అడిగినవా?"

"కొట్టెయ్యి. దగ్గేది నేను, ఇంట్ల ఏమడుగుడు?"

ప్రభాకర్ ఏదో అనబోయాడు. వరసలో ఉన్న దేవమ్మ, స్వరూప వీధిలోనే ఉండే ముసలామె, "ఎందుకే బిడ్డా? ఏమైంది?" అని అడిగింది. ఇన్నేళ్లు ఆ మాటకు స్వరూప దగ్గర ఉన్న జవాబులు వేరు: జెర నీరసం, ఎండ, కంటికి నిద్ర లేదు. ఈసారి అసలు మాట చెప్పింది, అందరికీ వినపడేలా.

"నాకు తంబాకు పడదు."

ఎవరూ నవ్వలేదు. నకరాలని ఎవరూ అనలేదు. వరసలో ఎక్కడో ఒకామె దగ్గింది, ఆ పక్కనున్న మరొకామె దగ్గింది. ప్రభాకర్ అద్దాలు సర్దుకుని రిజిస్టర్ తీశాడు.

ఆమె ఇల్లు చేరకముందే ఆ కబురు మస్కట్ చేరింది. ఫోను వెంకటవ్వ చేతిలో, స్పీకర్లో మోగుతోంది. ఆమెకు చెవులు సరిగా వినపడవు, ఎవరితోనైనా స్పీకర్లోనే మాట్లాడుతుంది.

"ఎవలనడిగి వాపస్ ఇచ్చినవే? తలకాయ ఉన్నదా నీకు? అర్రల కూసోమంటె ఏమాయె? కుక్క కోసమే గదా చెప్పిన!"

"కుక్క కోసమే చెప్పినవ్" అంది స్వరూప. గొంతు పెంచలేదు. "డాక్టర్ తంబాకును దూరం పెట్టుమన్నది. నువ్వు తంబాకును నా ఒళ్లె వెట్టి, నన్ను దూరం పెట్టినవ్. కుక్కకు పడదంటే ఒక్క దినంల అరుగు ఖాళీ అయింది. నాకు పడదని మూడేండ్ల సంది చెప్తున్న. నేను గీ ఇంట్ల ఏంది? చెప్పు."

స్వరూప అత్త చేతిలోని ఫోను వైపు ఇంకాస్త వంగింది.

"రేపు జగిత్యాల పోతున్న, ఛాతీ డాక్టర్ దగ్గరికి. అడుగుత లేను. చెప్తున్న. వేరే పని ఏదన్న చూస్కుంట, పనికి నేనెన్నడు భయపడలే. ముందు ఊపిరి ఉండాలె."

"అవ్వా" అన్నాడు భూమేశ్ చివరికి, భార్యతో కాదు, తల్లితో. "నువ్వు గూడ ఎంబడి పో. డాక్టర్ ఏమంటడో నీ చెవుల్తోని ఇను. నకరాలో నిజమో తేలిపోతది. నాకు ఫోన్ జేసి చెప్పు."

అలా మర్నాడు కోరుట్ల బస్టాండులో బస్సెక్కి ఒకే సీటులో ఇద్దరూ కూర్చున్నారు. దారి పొడుగునా వెంకటవ్వ కిటికీలోంచి బయటికే చూసింది. అత్తను చూస్తే స్వరూపకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ పక్కనే కూర్చుంటే ఆమె ఛాతీలోంచి వచ్చే చప్పుడు వినపడుతోంది, పాత మిషను తొక్కుతున్నట్టు గరగరా. ఒకే ఇంట్లో ఇన్నేళ్లు ఉండి, ఇంత దగ్గరగా ఎప్పుడూ కూర్చోలేదని అప్పుడు తోచింది.

జగిత్యాలలో ఆ దవాఖాన కిటకిటలాడుతోంది. చిట్టీలు రాసే పిల్ల తలెత్తి, ఇద్దరినీ చూసి, వెంకటవ్వ వైపు కలం చూపించి, "పెద్దమ్మ పేరు చెప్పండ్రి" అంది. ఇలాంటి చోట్లకు కోడలు వచ్చిందంటే ఎవరినో తీసుకునే వచ్చి ఉంటుందని ఆ పిల్ల లెక్క.

"పేషెంట్ ఆమె గాదు. నేను" అంది స్వరూప. "స్వరూప. ముప్పై నాలుగేండ్లు."

"దగ్గు ఎన్ని రోజుల సంది? ఏం పని జేస్తరు? మెట్లెక్కుతే దమ్మొస్తదా? పొద్దుగాల లేవంగనే కళ్లె పడ్తదా? ఛాతిల పట్టేసినట్టయితదా?"

ఆ పిల్ల అడిగే ఒక్కొక్క ప్రశ్నకూ స్వరూప జవాబు చెబుతోంది. పక్కన వెంకటవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది. బీడీలు ఎన్నేళ్లు చేశారు అని ఆ పిల్ల అడిగినప్పుడు, స్వరూప పద్నాలుగు అని చెబుతుంటే, వెంకటవ్వ పెదవులు కూడా ఏదో లెక్క కదిపాయి. ఇరవై రెండో నంబరు చిట్టీ తీసుకుని స్వరూప నీళ్ల బాటిల్ కోసం బయటికి వెళ్లింది. కొట్టు దగ్గర ఆలస్యమైంది. తిరిగి వచ్చేసరికి వెంకటవ్వ బెంచీ చివర కూర్చుని ఉంది. పిడికిట్లో ఏదో కాగితం నలిగి ఉంది. మరో చేతిలో ఫోను, ఎప్పటిలాగే స్పీకర్లో, హాలంతా వినపడేలా.

"ఏమాయెనే అవ్వా? లోపలికి పోయిందా? ఏమన్నడు డాక్టర్? నకరాలేనా?"

వెంకటవ్వ ఫోనును నోటికి దగ్గరగా తెచ్చుకుంది. ఎదురుగా నిలబడ్డ కోడలిని చూసింది, కళ్లు తిప్పుకోలేదు.

"దాని నంబరు ఇరువై రెండు. నాది ఇరువై మూడు. ఇద్దరం జూపెట్టుకోని వస్తం. గప్పటిదాంక ఫోన్ జెయ్యకు."